విద్యావిక్రయము

విద్యను అమ్ముకొనరాదని మన పెద్దలు చెప్పిరి. కూలి పుచ్చుకొని చదువు చెప్పువానికి భృతకాధ్యాపకుడని పేరు పెట్టి, శ్రాద్ధమునకు పిలువదగనివారి వరుసలో మనుస్మృతి యతనిని చేర్చినది. విద్యాదానమును అన్నదానముతో సమముగ నెంచిన దేశమున అట్టి నియమము పుట్టుట వింత కాదు. కాని నేడు దానిని అక్షరాల పాటించినచో ఒక్క పాఠశాలయు తెఱచి యుండదు. జీతము లేని యుపాధ్యాయుడు లేడు; జీతమిచ్చువాడు సర్కారైనను, తల్లిదండ్రులైనను, జీతము జీతమే. కావున ఆ పాత ప్రశ్న తీరిపోయినదని చాలమంది తలంతురు. అది తీరలేదు. వేషము మార్చుకొని మరల మన వాకిట నిలిచినది.

విశ్వవిద్యాలయములును పెద్ద కంపెనీలును పొత్తు కలిసి పరిశోధన చేయుట నేడు సాధారణమైనది. మందుల విషయమునను, యంత్రముల విషయమునను ఇది పూర్వమునుండి కలదు. సమాచార వ్యవస్థల విషయమున మాత్రము ఈ పొత్తు మన యింటి లోపలికే వచ్చినది. సమాచార వ్యవస్థ యన నేమో విశేషముగ వివరింప నక్కఱలేదు. వంటగ్యాసు ఫోనులో బుక్ చేయునపుడును, బ్యాంకిలోని సొమ్మును మఱియొకరికి పంపునపుడును, రైలు టిక్కెట్టు కొనునపుడును, దూరదేశమందున్న బిడ్డ ముఖమును తెరపై చూచునపుడును మనము వాడునది అదియే. యంత్రమొక్కటియే వ్యవస్థ కాదు. దానిని నడపు లెక్కలు, దానిలో చేరు మన వివరములు, ఆ వివరములను బట్టి ఎక్కడనో ఎవరో చేయు నిర్ణయములు, అన్నియు కలిసి వ్యవస్థ. ఈ వ్యవస్థలను గుఱించిన కొత్త విద్య సగము పండితుని గదిలోను, సగము కంపెనీ కార్యాలయములోను పుట్టుచున్నది. ధనము ఒకరిది, బుద్ధి మఱియొకరిది. ఇట్టి పొత్తు ధర్మమా? ధర్మమైనచో ఏ హద్దు వఱకు? ఇదియే మేమిక్కడ విచారింపదలచిన ప్రశ్న.

మొదట పాత నియమమునే కొంచెము పరీక్షింతము. విద్యను అమ్మరాదన్న ఆ పెద్దలే విద్యను అందఱికి ఇచ్చిరా? శూద్రుని చెవిని వేదము పడరాదనిరి. స్త్రీకి అక్షరము అక్కఱలేదనిరి. ఒక చేత వెల పుచ్చుకొనలేదు. రెండవ చేత తలుపు మూసిరి. వెల లేని విద్య తెఱచిన విద్య కాలేదు. మఱియొక ప్రక్క, అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట పుస్తకము బజారు సరకైనది. అంగడిలో అమ్మిన పెద్దబాలశిక్ష, ఉచితముగ చెప్పిన వేదపాఠశాలల కంటె ఎక్కువ యిండ్లకు అక్షరమును చేర్చినది. మన పల్లెలలో వెనుకటికి ఉండిన ఒక తరహా వైద్యుని చదువరులలో పెద్దవారు ఎఱుగుదురు. అతడు రోగివద్ద దమ్మిడీ పుచ్చుకొనడు. కాని ఆకు పేరు చెప్పడు. చెప్పినచో మందు పని చేయదనును. కన్నకొడుకునకు సైతము చెప్పక దాచి దాచి, తుదకు ఒకనాడు మందుతో సహా కాటికి పోవును. అతడు విద్యను అమ్మిన వాడు కాడు. అయినను విద్యకు అతడు చేసిన హాని ఏ వర్తకుడును చేయలేదు.

కావున మా యభిప్రాయమున విద్యకు పట్టు దోషము అమ్మకములో లేదు, దాపరికములో ఉన్నది. ఈ మాటను చేత పట్టుకొని నేటి పొత్తులను చూతము.

సమాచార వ్యవస్థలను శోధించు పండితునకు కంపెనీతో పనియే లేదని కొందఱు చెప్పుదురు. ఆ మాట వినుటకు శుచిగ నుండును గాని నిలువదు. వ్యవసాయ శాస్త్రజ్ఞునకు పొలము వలె, వైద్య విద్యార్థికి ఆసుపత్రి వలె, ఈ విద్యకు వాడుకలో నున్న వ్యవస్థ కావలెను. పదిమంది విద్యార్థులు గదిలో కట్టిన బొమ్మ వ్యవస్థను చూచి, కోటిమంది వాడు వ్యవస్థ ఎక్కడ తడబడునో, మనుష్యులు దానితో ఎట్లు మెలగుదురో తెలిసికొనలేము. ఆ పొలములు నేడు ఎక్కువగ కంపెనీల చేతిలో నున్నవి. కంపెనీకి మూడు నెలలకొకసారి లాభము చూపవలసిన తొందర కలదు. పదేండ్లకు గాని ఫలింపని ప్రశ్నను అడుగు ఓపిక విశ్వవిద్యాలయమునకే యుండును. ఒకరికి నేల, ఒకరికి ఓపిక. ఇట్టి పొత్తు సేద్యము అసహజము కాదు. చూడవలసినది కౌలు షరతులు.

ఈ షరతుల కథకు యూనిక్స్ చరిత్రము మంచి నిదర్శనము. 1969లో అమెరికాలోని ఏటీ అండ్ టీ టెలిఫోను కంపెనీకి చెందిన బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు కంప్యూటరులోని పనులన్నిటిని సర్దుబాటు చేయు ఒక మూలవ్యవస్థను నిర్మింప మొదలిడిరి. 1956లో ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ప్రకారము ఆ కంపెనీ టెలిఫోను వ్యాపారమును దాటి కంప్యూటరు వ్యాపారమునకు దిగరాదు. అందుచేత యూనిక్సును విశ్వవిద్యాలయములకు స్వల్పమైన రుసుముతో, మూలపాఠముతో సహా ఇచ్చినది. మూలపాఠమనగా యంత్రమునకు మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞల అసలు ప్రతి. వండిన పదార్థమును రుచి చూపుట వేఱు, వండు విధమును వ్రాసి యిచ్చుట వేఱు. ఇది రెండవది.

ఆ మూలపాఠము చేరిన చోటనెల్ల విద్య పెరిగినది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు దానిని దిద్ది పెంచి, యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడుకొను ఇంటర్నెట్టు నియమావళిని 1983లో వెలువడిన తమ ప్రతిలో చేర్చిరి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమున జాన్ లయన్స్ అను ఉపాధ్యాయుడు 1976 ప్రాంతమున ఆ మూలపాఠమును ఒక సంపుటముగను, దానికి వ్యాఖ్యానమును మఱియొక సంపుటముగను తన విద్యార్థులకొఱకు సిద్ధపఱచెను. మూలమును టీకను ప్రక్క ప్రక్కన నుంచి చదువు సంప్రదాయమునకు వారసులమైన మనకు ఆ పని చిరపరిచితము. మెదకు సీమకు చెందిన కొలచెలమ మల్లినాథసూరి కాళిదాసునకు చేసిన సేవను లయన్స్ యూనిక్సునకు చేసెను.

1979లో వెలువడిన ఏడవ ప్రతితో కంపెనీ షరతు మార్చెను. మూలపాఠమును తరగతిలో పాఠముగ చెప్పరాదనెను. లయన్స్ వ్యాఖ్యానము బహిరంగ ప్రచురణకు నోచుకొనలేదు. ఒకరి ప్రతిని చూచి మఱియొకరు నకలు తీసికొని విద్యార్థులు దానిని చాటున చదివిరి. అది అందఱికి దొరకునట్లు అచ్చైనది 1996లో. అనగా ఇరువది యేండ్లకు. ఈ లోపల ఆమ్‌స్టర్‌డామ్ నగరమున ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు, పాఠము చెప్ప వీలులేని వ్యవస్థను వదలి, మినిక్స్ అను చిన్న వ్యవస్థను తానే వ్రాసి 1987లో పాఠ్యపుస్తకముతో ప్రకటించెను. ఆ మినిక్సును వాడి నేర్చుకొనిన ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సును ప్రారంభించెను. నేడు మన యిండ్లలోని ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున పని చేయుచున్నది ఆ లినక్సే.

తలుపు మూసినను విద్య చుట్టుత్రోవను పోయి బ్రతికినది గదా యని కొందఱు సంతోషింతురు. నిజమే. కాని ఆ త్రోవను త్రవ్వుటకు ఒక టానెన్‌బామ్ కావలసి వచ్చెను. అట్టివాడు దొరకని చోట్ల మూసిన తలుపు మూసినట్లే యుండును. అక్కడ ఏ విద్య నశించినదో మనకు తెలియదు. కనబడని నష్టమునకు లెక్క వ్రాయువారుండరు.

రెండవ నిదర్శనము అందఱును ఎఱిగిన గూగుల్. 1996 ప్రాంతమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇద్దఱు పరిశోధక విద్యార్థులు, ప్రభుత్వధనముతో నడచు డిజిటల్ గ్రంథాలయ ప్రణాళిక నీడలో పని చేయుచు, ఇంటర్నెట్టులోని పుటలకు ప్రాముఖ్యమును లెక్కగట్టు ఒక పద్ధతిని కనిపెట్టిరి. ఒక పుటను ఎన్ని పుటలు చూపుచున్నవి, ఆ చూపు పుటలకు ఎంత గౌరవము కలదు అను రెండిటిని కలిపి వారు లెక్కించిరి. ఏ గ్రంథమును ఎక్కువమంది పెద్దలు ఉదాహరింతురో ఆ గ్రంథమునకు పండితలోకమున గౌరవము హెచ్చుట వంటిదే యిది. 1998లో ఆ పద్ధతికి పేటెంటు కోరిరి; 2001లో లభించెను. హక్కు విశ్వవిద్యాలయమునది. దానిని వాడుకొన అనుమతి నిచ్చినందులకు కంపెనీలో 18 లక్షల వాటాలు విశ్వవిద్యాలయమునకు వచ్చెను. వానిని అమ్మగా 2005 నాటికి చేతికి అందినది 33 కోట్ల 60 లక్షల డాలర్లు.

ఇంత సొమ్ము చూడగనే విద్యను అమ్ముకొనిరని కొందఱికి తోచును. మాకట్లు తోచదు. పేటెంటు ఒక నియమితకాలము ఇతరులు వాడకుండ ఆపునే గాని తెలిసికొనకుండ ఆపదు. పద్ధతిని లోకమునకు వ్రాసి చూపినవానికే పేటెంటు దొరకును. పైగా ఆ యిద్దఱును తమ పద్ధతిని 1998లోనే వ్యాసముగ ప్రకటించిరి. అక్కడ అమ్మకమున్నది, దాపరికము లేదు. అమెరికాలో 1980లో చేసిన బే-డోల్ చట్టము, ప్రభుత్వధనముతో చేసిన పరిశోధనల పేటెంట్లను విశ్వవిద్యాలయములే ఉంచుకొనుటకు వీలు కలిగించినది. మన దేశమున అట్టి బిల్లు 2008లో రాజ్యసభకు వచ్చినది గాని చట్టము కాలేదు. ప్రజల పన్నుతో పండిన ఫలమును ఒక్క కంపెనీకే అప్పగించుట న్యాయమా యని అడుగువారి ప్రశ్న తోసివేయదగినది కాదు. అయినను అది ఫలమును పంచుకొను తగవు. విద్య బ్రతుకునా చచ్చునా యన్నది వేఱు ప్రశ్న.

అసలు విచిత్రము ఆ 1998 నాటి వ్యాసములోనే యున్నది. అప్పటివఱకు సెర్చి యంత్రముల పని యెక్కువగ కంపెనీలలో జరుగుచు, వివరములు వెలువడకపోవుటచే ఆ విద్య గుప్తవిద్యగ మిగిలిపోయినదనియు, దానిని విశ్వవిద్యాలయ లోకములోనికి తెచ్చుట తమ సంకల్పములలో నొకటియనియు వారు వ్రాసికొనిరి. ప్రకటనల ధనముపై బ్రతుకు సెర్చి యంత్రము ప్రకటనదారుల వైపు మొగ్గునని అనుబంధమున హెచ్చరించిరి. ఆ యేడే కంపెనీ పుట్టెను. 2000లో ఆ కంపెనీయే ప్రకటనల వ్యాపారము మొదలిడెను. నేడు ఏ పుట ముందు రావలెను, ఏది వెనుక పోవలెను అని నిర్ణయించు లెక్కలన్నియు బయటివారికి తెలియవు. తెలిసినచో మోసగాండ్రు వానిని వాడుకొందురని కంపెనీ కారణము చెప్పును. ఆ కారణములోను కొంత సత్యమున్నది. కాని గుప్తవిద్యను బహిరంగము చేయ బయలుదేరినవారి చేతనే అది మరల గుప్తవిద్య యైనది.

వారు దుష్టులని మేమనము. మంచి సంకల్పము గలవారిని సైతము వారు కట్టిన సంస్థ తన దారికి త్రిప్పుకొనునని మాత్రమే చెప్పుచున్నాము. కావున మంచివారి మాటను నమ్మి కుదుర్చుకొను పొత్తు చాలదు. షరతు కాగితముపై నుండవలెను.

ఇంతవఱకు మేము రెండు పక్షములను గుఱించియే మాటలాడితిమి. మూడవ పక్షము కలదు. పూర్వము మన యిండ్లలో పెండ్లి మాటలు జరుగునపుడు వరుని తండ్రియు కన్య తండ్రియు చావడిలో కూర్చుండి ఇచ్చిపుచ్చుకొనుటలు, ముహూర్తములు తేల్చుకొనెడివారు. తలుపు చాటున నిలిచిన పిల్లను అడిగినవారు లేరు. అడుగనేల, పెద్దలము మేమున్నాము గదా యనెడివారు. పిల్లను కూడ అడుగుడని చెప్పినందులకే సంఘసంస్కర్తలు ఎన్ని నిందలు పడిరో చదువరులకు తెలియును. నేడు విశ్వవిద్యాలయమును కంపెనీయు కూర్చుండి ఒడంబడిక వ్రాసికొనునపుడు, ఎవరి మాటలు, ఎవరి యలవాట్లు, ఎవరి ముఖములు ఆ పరిశోధనకు సరకో ఆ మనుష్యులు ఇంకను తలుపు చాటుననే యున్నారు.

ఇది ఊహ కాదు. 2012 జనవరిలో ఒక వారము ఫేస్‌బుక్ కంపెనీ 6,89,003 మంది తెరపై వచ్చు మాటల పాళ్లను మార్చినది. కొందఱికి స్నేహితుల సంతోషపు మాటలు తగ్గించిరి. మఱికొందఱికి దుఃఖపు మాటలు తగ్గించిరి. అందువలన వారు వ్రాయు మాటలలో ఉల్లాసమో విచారమో హెచ్చునా యని చూచిరి. మార్పు కనబడినది, చాల స్వల్పముగ. కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులతో కలిసి ఆ ఫలితమును 2014 జూనులో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తువారి పత్రికలో ప్రకటించిరి. ఆ జనములో ఎవరిని గాని ఈ ప్రయోగమును గుఱించి ముందుగ అడుగలేదు. ఖాతా తెఱచునాడు ఒప్పుకొనిన షరతులలోనే సమ్మతి యున్నదనిరి. మనుష్యులపై చేయు ప్రయోగములను ముందుగ పరిశీలించు సంఘము ఆ విశ్వవిద్యాలయమున కలదు. అయినను ప్రయోగము చేసినది కంపెనీ, మా వారు చూచినది ఫలితములు మాత్రమే, కావున అది మా పరిశీలన క్రిందికి రాదని విశ్వవిద్యాలయము తీర్మానించెను. 2014 జులైలో ఆ పత్రిక సంపాదకవర్గమే ఈ సమ్మతి విషయమున తన ఆందోళనను అచ్చువేసినది.

ఈ పొత్తులోని అసలు ప్రమాదము ఇక్కడ తేటపడుచున్నది. విశ్వవిద్యాలయమునకు నియమమున్నది, కాని చేసిన చేయి తనది కాదనెను. కంపెనీ చేయి చేసినది, కాని ఆ నియమము తనది కాదు. ఇద్దఱు కలిసినపుడు ధర్మము రెట్టింపు కావలసియుండగా, ఇద్దఱి నడుమనున్న సందులో జారిపోయెను. ఉమ్మడి యింటిలో దీపము పెట్టుట ఎవరి వంతో తేలకపోయినచో చీకటియే మిగులును. ఆ వారము ఎవరి యింట ఎవరు ఏ కారణమున దిగులు పడియుండిరో ప్రయోగము చేసినవారికి తెలియదు. దిగులుతోనున్న మనిషి ముందునుండి స్నేహితుల సంతోషపు మాటను తొలగించుట ఎంత స్వల్పమైన పనియైనను, అతనిని అడుగక చేయదగిన పని కాదు.

అట్లయినచో సమస్తమును బహిరంగము చేసిన దోషము పోవునా? దాపరికమే దోషమని మేము పైన చెప్పినందున ఈ ప్రశ్నకు మేము సమాధానము చెప్పవలసియున్నది. 2006లో నెట్‌ఫ్లిక్స్ అను చలనచిత్రముల కంపెనీ, తన చందాదారులు చిత్రములకిచ్చిన 10 కోట్లకు పైబడిన మార్కులను పేర్లు తీసివేసి పరిశోధకులకు బహిరంగముగ ఇచ్చెను. ఎవరికి ఏ చిత్రము నచ్చునో ఊహించు తన పద్ధతిని నూటికి పది పాళ్లు మెఱుగుపఱచినవారికి 10 లక్షల డాలర్ల బహుమానము ప్రకటించి, 2009లో దానిని చెల్లించెను. విశ్వవిద్యాలయములవారు, కంపెనీలవారు, ఏ కొలువును లేనివారు సైతము అందు పాల్గొనిరి. విద్యకు అది పండుగ. కాని టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనువారు 2008లో ఒక సంగతి చూపిరి. ఒకడు ఏ యెనిమిది చిత్రములకు ఎన్ని మార్కులిచ్చెనో, ఇంచుమించు ఏ తేదీలలో ఇచ్చెనో తెలిసినచో చాలును. వానిలో రెండు తప్పైనను, తేదీలు రెండు వారములు అటునిటైనను, ఆ రాశిలోని నూటికి తొంబదితొమ్మిది వరుసలలో అతని వరుస ఏదో పట్టుకొనవచ్చును. పేరు కొట్టివేసినంత మాత్రమున మనిషి మఱుగుపడడు. దావా రాగా, ప్రభుత్వశాఖ ప్రశ్నింపగా, 2010లో ఆ కంపెనీ తన రెండవ పోటీని విరమించుకొనెను.

ఈ రెండు నిదర్శనములను ప్రక్కప్రక్కన నుంచి చూడగా మాకు తోచినది ఇది. తెఱువవలసినది ఒకటి, మూయవలసినది మఱియొకటి. పద్ధతిని తెఱువవలెను, మనిషిని కాపాడవలెను. లెక్క ఎట్లు చేసిరో, ఏమి తేలినదో, ఎక్కడ తప్పినదో అందఱికి తెలియవలెను. ఆ లెక్కలో చేరిన గృహిణి ఏమి కొనెనో, రోగి ఏమి వెదకెనో, పిల్లవాడు ఏ రాత్రి ఎంతసేపు మేలుకొనెనో ఎవరికిని తెలియరాదు. నేడు చాల చోట్ల ఇది తలక్రిందులైనది. పద్ధతి వ్యాపార రహస్యమై పెట్టెలో నున్నది. మనిషి జీవితము పరిశోధనకు సరకై బల్లపై పఱచియున్నది. ఈ తలక్రిందుల ధర్మమును సరిచేయుట విశ్వవిద్యాలయము యొక్క మొదటి పని. ఏలయనగా లాభము కొఱకు గాక సత్యము కొఱకు పుట్టినదని చెప్పుకొను పక్షము అదియే.

దీనికి కంపెనీ పక్షమున వచ్చు ఆక్షేపణ స్పష్టమైనది. రహస్యము లేనిదే పోటీలో నిలువలేమందురు. మేము దానిని కొంతవఱకు ఒప్పుకొందుము. ప్రకటించుటకు ముందు వ్యాసమును చూచి, పేటెంటు కోరుకొనుటకు వ్యవధి కావలెనన్నచో ఈయవచ్చును. ఇట్టి ఒడంబడికలలో నెలయో, రెండు మూడు నెలలో వ్యవధి నిచ్చుట వాడుకలో నున్నదే. వ్యవధి వేఱు, నిషేధము వేఱు. ఫలితము తనకు అనుకూలమైనచో అచ్చువేయుము, కానిచో అణచుము అను హక్కును ఏ ధరకును అమ్మరాదు. అమ్మినచో విశ్వవిద్యాలయము అమ్మినది పరిశోధనను కాదు, తన నాలుకను. ముఖ్యముగ విద్యార్థి విషయమున జాగ్రత్త కావలెను. ఆచార్యుని ఒడంబడిక కారణమున శిష్యుని సిద్ధాంతవ్యాసము పెట్టెలో పడి యుండరాదు. అతనికి ఆ నాలుగైదేండ్ల శ్రమ తప్ప వేఱు ఆస్తి లేదు.

పండితుల పక్షమున వచ్చు ఆక్షేపణ ఇంకను బలమైనది. ఇన్ని షరతులు పెట్టినచో కంపెనీ మా గడప తొక్కదు, షరతులు లేని మఱియొక విశ్వవిద్యాలయమునకు పోవును, మేము వట్టి చేతులతో మిగులుదుము అందురు. ఇది భయము మాత్రమే కాదు, అనుభవముతో చెప్పు మాట. వరకట్నము వలదన్న తండ్రి కుమార్తెకు సంబంధములు తగ్గిన కాలమును మన మెఱుగుదుము. ఒక్కరు వలదన్న నష్టము ఆ యొక్కరిదే. పదుగురు కలిసి వలదన్న అదియే ఆచారమగును. విశ్వవిద్యాలయములు తమలో తాము మాట కట్టుకొనవలెను. అట్లు కట్టుకొనినను కొన్ని పరిశోధనలు జరుగకపోవును. కొంత విద్య ఆలస్యమగును. ఆ నష్టమును మేము దాచము. అడుగక తీసికొనిన విద్య కంటె ఆలస్యముగ వచ్చిన విద్య మేలని మా నమ్మకము.

ఈ ప్రశ్న మనకు దూరము కాదు. హైదరాబాదులోని ఐఐఐటీ 1998లో ప్రభుత్వమును పరిశ్రమయు కలిసి లాభాపేక్ష లేని సంస్థగ నెలకొల్పినది. భారతీయ భాషలను యంత్రమునకు నేర్పు పరిశోధన అక్కడ ఏండ్లతరబడి జరుగుచున్నది. తెలుగు మాటను యంత్రము గ్రహింపవలెనన్న తెలుగువారి గొంతులు కావలెను. శ్రీకాకుళపు ముదుసలి యాస, పాలమూరు రైతు యాస, అనంతపురపు బడిపిల్ల యాస, అన్నియు కావలెను. అవి లేనిచో యంత్రము పట్నపు తెలుగు మాత్రమే నేర్చును; చదువు రాని వారికి నోటిమాటతో పని జరుగవలెనన్న కోరిక తీరదు. కావున ఎక్కడనైనను, ఎవరైనను ఇట్టి పని చేయుట మనకు మేలే, అందు కంపెనీల ధనము చేరినను మేలే. అయితే గొంతు ఇచ్చిన ముదుసలికి ఒక మాట చెప్పవలెను: అమ్మా, నీ మాట ఇందుకొఱకు తీసికొనుచున్నాము, దీనిని ఫలానావారు వాడుదురు, ఇష్టము లేనిచో వలదనుము. ఆమెకు చదువు రాదన్న కారణమున ఈ మాట చెప్పకపోవుట, చదువు వచ్చినవాడు చేయు పాత తప్పులలో నొకటి.

మన పార్లమెంటు 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారమును రక్షించు చట్టము చేసినది. అందు సమ్మతికి ప్రధానస్థానమున్నది. పరిశోధనకు మాత్రము, నిర్ణీత ప్రమాణములను పాటించినచో, ఆ సమాచారముతో ఫలానా వ్యక్తిపై నిర్ణయము చేయనిచో, మినహాయింపు కలదు. ఆ మినహాయింపు అవసరమే. లేనిచో అంటువ్యాధులను గుఱించిన లెక్కలు సైతము ఆగిపోవును. కాని పరిశోధన యను పేరు ఎంత విశాలమైనదో పైన చూచితిమి. చట్టము వదలిన చోట మర్యాద నిలువవలెను. విశ్వవిద్యాలయపు ముద్ర ఆ సందు గుండ పోవు ప్రతి బండికి అద్దె తిరుగు అనుమతిపత్రము కారాదు.

చదువరులలో చాలమంది పండితులును కారు, కంపెనీ యజమానులును కారు. అయినను ఈ పొత్తులో వారికి మూడు విధముల భాగమున్నది. పన్ను కట్టి విశ్వవిద్యాలయమును పోషించువారు వారే. బిడ్డలను అక్కడికి పంపువారు వారే. తమ మాటలను, అలవాట్లను తెలియకయే ఈ పరిశోధనకు ఇచ్చుచున్నవారును వారే. కావున ఎక్కడనైన విశ్వవిద్యాలయమును కంపెనీయు కలిసి పని చేయుచున్నవని విన్నపుడు, చప్పట్లకు ముందు మూడు ప్రశ్నలు అడుగు హక్కు వారికున్నది. ఏమి తెలిసికొనిరి? ఎవరికి చెప్పిరి? మమ్ము అడిగిరా? కంపెనీ ఎంత సొమ్ము ఇచ్చెనన్నది నాలుగవ ప్రశ్న. మొదటి మూడిటికి సమాధానము బాగున్నచో నాలుగవదానికి అంతగ వెఱవ నక్కఱలేదు.

గురువు జీతము పుచ్చుకొనుగాక. విశ్వవిద్యాలయము వాటాలు అమ్ముకొనుగాక. కంపెనీ లాభము గడించుగాక. విద్యకు ఇవి మైల కావు. ఆకు పేరు చెప్పని వైద్యుని వలె తెలిసినదానిని పాతిపెట్టుటయు, తలుపు చాటునున్న పిల్లను అడుగని పెద్దల వలె మనుష్యుల తరపున తామే సమ్మతించుటయు, ఇవియే మైల. ఈ రెండును మన సమాజము ఒకప్పుడు చేసి, సిగ్గుపడి, కష్టపడి మానుకొన జూచుచున్న పనులు. కొత్త యంత్రముల పేర వానిని మరల ఇంటికి రానీయరాదు.